సున్నపు నీళ్లలో నెల రోజులు

పొద్దున ఏడున్నరకు సోమయ్య నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పి గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. కూతురు రుచిత అప్పటికే డ్యూటీకి తయారై, స్కూటీ తాళాలు పట్టుకొని నిలబడి ఉంది. కదలడం లేదు.

ఇద్దరిదీ పటాన్‌చెరులో ఒకటే ఫ్యాక్టరీ. పాత ప్లాస్టిక్ సీసాల ముక్కలు కరిగించి, దారం తీసి, మందపాటి బట్ట చేస్తారక్కడ. రోడ్ల కింద, గోడల వెనక మట్టి జారకుండా దాన్ని పరుస్తారు. సోమయ్య ఇరవై రెండేళ్లుగా ముక్కలు ఆరబెట్టే చోట ఉన్నాడు. ఆ బట్ట ఎంతకాలం నిలుస్తుందో ల్యాబ్‌లో తేల్చేది రుచిత.

"బాపూ, పోయిన నెల పద్నాలుగో తారీఖు మాల్ నీ షిఫ్టుదే గదా?"

"అయితే ఏంది?"

"సిమెంటు గోడకు ఆగుతదో లేదోనని ఆ బట్టను సున్నపు నీళ్లల్ల నెల నానబెట్టిన. నిన్న మిషన్‌కు పెట్టి లాగితే తడిసిన కాగితం లెక్క చినిగింది. ముక్కలు ఆరకముందే కరిగించిండ్రు, అందుకే దారానికి బలం లేదు."

తల్లి అరుణ టీ గిన్నె తెచ్చి కింద పెట్టింది. "రాంగనే పంచాయితీ పెట్టినవా? జెర కూసోనియ్యి."

"తొమ్మిదింటికి లారీ పోతదమ్మా. హత్నూర దిక్కు బడి గోడ వెనక ఏస్తరట. పాస్ అని నేను సంతకం పెట్టాలె."

"పెట్టు మరి! గోడ తవ్వి ఎవడు సూస్తడు? రెండేండ్లు గడిస్తే మీ బాపు ఇజ్జత్‌తోని రిటైర్ అయితడు."

"ఆ గోడ కింద పిల్లలు ఆడుకుంటరమ్మా."

సోమయ్య కళ్లు తెరిచాడు. "ఆరినయే పోయించిన. గుప్పిట పట్టి సూసిన."

తేమ చూసే మీటరు ఆ లైనులో ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. సోమయ్య పిడికెడు ముక్కలు పట్టి 'పొయ్యుండ్రి' అంటే కరిగించే మిషన్‌లో పోస్తారు. సూపర్‌వైజర్‌ కూడా ఆ చేతినే నమ్ముతాడు.

"అబద్ధం!" రుచిత గొంతు లేచింది. "టార్గెట్ జల్దీ ముగించాలని పోయించినవ్. ఒప్పుకో."

సోమయ్య కింద ఉన్న గిన్నెను ఒట్టి చేత్తో పట్టి ఎత్తాడు. అది పొయ్యి మీంచి దిగి రెండు నిమిషాలు కూడా కాలేదు.

"అయ్యో, చెయ్యి!" అరుణ గిన్నె లాక్కుంది. అతని వేళ్లు ఎర్రగా కందిపోయాయి. సోమయ్య వాటిని ఎవరివో అన్నట్టు చూశాడు.

రుచిత అతని చెయ్యి పట్టుకుంది. "ఎన్నాళ్ల సంది బాపూ?"

"రెండు నెల్లు. షుగర్ వల్ల అన్నడు డాక్టరు. తిమ్మిరి, పోతదనుకున్న."

"మరి ఎందుకు చెప్పకపోతివి?"

"ఏం చెప్పాలె బిడ్డా? సోమయ్య చెయ్యికి సోయి లేదంటే నన్నెవడు ఉంచుతడు? తడి ఉందో లేదో తెల్వకనే, అందాజకు పొయ్యమన్న."

"దొంగపని చేసినవనుకున్న," అంది రుచిత.

"దాసిపెట్టిన గదా. అది గూడ గంతే." అతను మెల్లగా లేచాడు. "నడువు. నేనే చెప్త."

అరుణ ఏదో అనబోయి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తడిగుడ్డ తెచ్చి అతని చేతికి చుట్టింది.

వాళ్లు చేరేసరికి లారీలోకి మూడు బట్ట చుట్టలు ఎక్కాయి. సూపర్‌వైజర్ సూర్యారావు గడియారం చూసుకుంటున్నాడు.

"దింపియ్యుండ్రి సార్," అన్నాడు సోమయ్య. "ఆ మాల్ పాడైంది. తప్పు నాది. గోదాంల నా షిఫ్టు మాల్ ఎంతుందో అంత ఆపుండ్రి."

"నిద్ర సాలలేదా సోమయ్యా? ఆర్డర్ పోతది, తెల్సా?"

రుచిత ఫైలు తెరిచి 'ఫెయిల్' అని రాసి సంతకం పెట్టింది. సూర్యారావు ముఖం మాడ్చుకొని, "మేనేజర్ వస్తడు. ఇద్దరూ జవాబు చెప్పుండ్రి" అంటూ వెళ్లాడు.

చుట్టలు ఒక్కొక్కటీ దిగాయి.

"బాపూ, నువ్వు ఆటోల ఇంటికి పో. రాత్రంత మేల్కొన్నవ్."

సోమయ్య గేటు పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. "పోను. నువ్వు పని సూస్కో."

"ఈడుండి ఏం జేస్తవ్?"

"మేనేజర్ తిడితే నిన్నొక్కదాన్నే తిట్టొద్దు గదా."