విడుపు యంత్రం, రెండో నమూనా

ఆ రోజుల్లో మార్కాపురంలో కొత్తవాళ్లు కలిస్తే ఊరూ పేరూ తర్వాత అడిగేవారు. ముందు అడిగేది ఒకటే.

"మీరేం వదిలారు?"

పెళ్లిచూపుల్లో అడిగేవారు. ఉద్యోగం దరఖాస్తులో దానికో గడి ఉండేది. కొందరు ఇంటి నంబరు పక్కన ఇత్తడి రేకు మీద, తాము వదిలిన పదార్థం పేరు చెక్కించుకునేవారు. 2081లో మనిషికి మర్యాద తినేదాన్ని బట్టి కాదు, మానేసినదాన్ని బట్టి దక్కేది.

దీనికంతటికీ కారణం విడుపు యంత్రం. దాన్ని కనిపెట్టింది ఆ ఊరి ఆహార పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త మన్నేపల్లి మేదిని.

ముద్ద బాగుందని చెప్పేది నాలుక కాదు, మెదడు. లడ్డూ ముక్క నోట్లో పడగానే మెదడులో ఒకచోట డోపమైన్ ఊరుతుంది. అది మళ్లీ కావాలనిపిస్తుంది. మనిషి ఇష్టపడే ప్రతి పదార్థానికీ మెదడులో ఇలాంటి నరాల ముడి విడిగా ఉంటుందని మేదిని నిరూపించింది. దానికి రుచిముడి అని పేరు పెట్టింది. వెంట్రుకల్లాంటి తీగలున్న టోపీ తలకు తొడిగి, అల్ట్రాసౌండ్ తరంగాలతో ఒక రుచిముడిని చల్లారిస్తే ఆ పదార్థం మీద ఆశ చస్తుంది. ఎదురుగా పెట్టినా చెయ్యి చాచబుద్ధి కాదు. ఇరవై నిమిషాల పని. నొప్పి లేదు.

షరతు ఒకటుంది. మనిషికి ఒక్క ముడే. రెండోది ముట్టుకుంటే ఆకలే పోవచ్చు. అందుకని ఏది వదలాలో ఎవరికి వాళ్లు ఆలోచించి చెప్పాలి.

అక్కడే పని చెడింది.

పదకొండేళ్లలో నలభై లక్షలమంది టోపీ పెట్టుకున్నారు. చక్కెర జబ్బు తగ్గలేదు. కిడ్నీలు పాడవడం తగ్గలేదు. ఆస్పత్రుల్లో కాళ్లు తీయడం తగ్గలేదు. మేదిని జనం వదిలిన పదార్థాల జాబితా తెప్పించింది. మొదటి స్థానం కాకరకాయ. రెండోది సొరకాయ. మూడోది ఉప్మా.

ఆమె సహాయకుడు ఖాసిం, యాభై ఏళ్ల మనిషి, జాబితా చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మా పక్కింటి అవ్వ కాశీకి పోయొచ్చి పొట్లకాయ వదిలేశానంది మేడమ్. పుట్టి బుద్ధెరిగాక ఆమె పొట్లకాయ తిన్నది లేదు."

"కాశీలో ఇష్టమైనదే వదలాలి కదా?"

"వదలాలి. ఎవరొదిలారు? మనోళ్లకి దేవుడి దగ్గరే అలవాటైపోయింది. మీ యంత్రం ఎంత!"

మేదినికి నవ్వు రాలేదు. అసలు ఇష్టమే లేని పదార్థానికి రుచిముడి ఉండదు. లేని ముడిని యంత్రం పదకొండేళ్లు చల్లార్చింది. జనం రేకులు చెక్కించుకున్నారు.

రెండో నమూనా తయారుకావడానికి రెండేళ్లు పట్టింది. ఇది మనిషిని అడగదు. మూడు రోజులు తలమీద టోపీ ఉంచుకుని మామూలుగా తిరగాలి, తినాలి. టోపీకున్న చిన్న కెమెరా, మైకు ఎదురుగా జరిగేదంతా గమనిస్తాయి. ఏ సుఖం కోసం ఈ మనిషి ఒళ్లు పాడుచేసుకుంటున్నాడో యంత్రమే వెతికి పట్టుకుంటుంది. మనిషి ఒప్పుకుంటే చల్లారుస్తుంది. ఒప్పుకోకుండా ఏ ముడినీ ముట్టుకోకూడదు. ఆ నిబంధన రాసింది మేదినే.

మొదట టోపీ పెట్టుకున్నది ఆమె తండ్రి యశ్వంత్.

డెబ్భై ఏళ్లవాడు. ముప్పై ఏళ్ల చక్కెర జబ్బు. ఎడమ పాదం మీద పుండు నాలుగు నెలలైనా మానలేదు. నెలలోగా చక్కెర దారికి రాకపోతే మోకాలి కిందికి తీసేయాలని డాక్టర్లు చెప్పారు. మేదిని కొర్రన్నం వండి పెట్టేది, ఆకుకూరలు వండేది. ఆయన నాలుగు ముద్దలు తిని పళ్లెం తోసేసేవాడు. తర్వాత ఆకలేసి బస్టాండు దగ్గర బజ్జీల బండి దాకా కుంటుకుంటూ వెళ్లేవాడు. మొదటి నమూనా వచ్చిన కొత్తలో ఆయనా ఒకటి వదిలాడు. బీరకాయ.

"ఏందమ్మాయ్ ఈ టోపీ? మళ్లీ పెళ్లికొడుకును చేస్తన్నావా నన్ను?"

"కాలు కోసం నాన్నా. మూడు రోజులు ఓర్చుకో."

"ఓర్చుకుంటాలే. మీ అమ్మతో నలభై ఏళ్లు ఓర్చుకోలా?"

మేదిని తల్లి హారిక చనిపోయి రెండేళ్లయింది. నలభై ఏళ్లు ఆ ఇంట్లో వండింది. ఆయన వంక పెట్టకుండా లేచిన పూట మేదినికి గుర్తులేదు. ఉప్పెక్కువ, పులుపు చాల్లేదు, అన్నం మెత్తబడింది, పోపు మాడింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు హారిక గరిటె పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆయన ముఖం చూస్తూ నిలబడేది. మేదిని చదువుకునే రోజుల్లో హారిక ఒకసారి కూతుర్ని అడిగింది. "నా చెయ్యే మొద్దో, నా నాలుకే మొద్దో తేల్చే చదువేదన్నా ఉంటే చదవవే." మేదిని ఆ చదువే చదివింది. తేల్చేలోపు తల్లి పోయింది.

పరిశోధన కేంద్రంలోనే భోజనాలు పెట్టారు. కొర్రన్నం, గోంగూర పప్పు, చిక్కుడుకాయ కూర, మజ్జిగ. ఖాసిం వడ్డించాడు.

యశ్వంత్ నాలుగు ముద్దలు తిన్నాడు. పళ్లెం తోశాడు.

"ఇది గోంగూరా, పచ్చగడ్డా? గొడ్లు కూడా మూతి తిప్పుకుంటాయి. ఎవరు చేశారయ్యా?"

"నేనే సార్." ఖాసిం ముఖం చిన్నబోయింది.

"అదీ సంగతి. పెట్టేవాడికి చెయ్యి ఉండాల."

మూడు రోజులూ ఇంచుమించు అంతే. ఒకపూట మేదిని వడ్డించింది, ఒకపూట ఖాసిం, ఒకపూట వంటపెట్టె అనే యంత్రం. విడుపు యంత్రం తెరమీద గీతలు గీస్తూ పోయింది. బజ్జీయేనని ఖాసిం పందెం కాశాడు. తెల్లబియ్యం అన్నమని మేదిని అనుకుంది.

నాలుగో రోజు ఉదయం ముగ్గురూ యంత్రం ముందు కూర్చున్నారు. టోపీ ఇంకా యశ్వంత్ తల మీదే ఉంది. యంత్రం ఎవరి పక్షమూ లేని గొంతుతో చెప్పింది.

"హాని చేస్తున్న ప్రధాన సుఖం దొరికింది. అది పదార్థం కాదు."

"అంటే?" అంది మేదిని.

"మొదటి భోజనం. గోంగూర పప్పు నోట్లో పడిన రెండో సెకనులో మెదడు ఇచ్చిన తీర్పు, చాలా బాగుంది. నాలుగు ముద్దలకీ అదే తీర్పు. తర్వాత పళ్లెం తోశారు. వడ్డించిన మనిషి ముఖం చిన్నబోయింది. ఆ క్షణాన ఊరిన డోపమైన్, బజ్జీ తిన్నప్పుడు ఊరిన దానికి నాలుగు రెట్లు."

ఖాసిం కుర్చీలో కదిలాడు.

"మనుషులు వడ్డించిన అన్ని పూటలా ఇంతే. ఐదో భోజనం వంటపెట్టె పెట్టింది. దానికి ముఖం లేదు. ఆయన వంక పెట్టలేదు. రెండు ముద్దలు తిని లేచి బజ్జీల బండి దగ్గరికి వెళ్లారు. అక్కడ ఆరు బజ్జీలు తిన్నారు. ఆరింటికీ బండివాడికి వంక పెట్టారు. ఆయన వెళ్లింది బజ్జీ కోసం కాదు. మంచి తిండి మానేస్తున్నది రుచి లేక కాదు. ఈ ముడి చల్లారిస్తే పెట్టింది తింటారు. కాలు నిలబడే అవకాశం నూటికి తొంభై."

మేదిని తెరమీద గీతలు మళ్లీ సరిచూసింది. తను కట్టిన యంత్రమే. లెక్క తప్పదని తనకు తెలుసు.

"నాన్నా, ఇది నిజమేనా?"

యశ్వంత్ తడబడలేదు. "యంత్రం చెప్తాంటే ఇంకా నన్నడుగుతావేంది?"

"అమ్మ వంట... అది కూడా ఇంతేనా?"

"మీ అమ్మ వంటా? దాని చేతి పప్పుచారు లాంటిది నేను ఇంకెక్కడా తాగలా. చుట్టాల్లో ఎవరికీ ఆ చెయ్యి లేదు."

మేదిని తండ్రి వైపు కుర్చీ తిప్పింది.

"ఒక్కసారైనా చెప్పలేదే నువ్వు?"

"చెప్తే మర్నాడు అంత ఒళ్లు దగ్గరపెట్టుకుని చేస్తదా? భయం ఉండబట్టే ఆ రుచి."

"ఆస్పత్రిలో చివరి రోజు కూడా అదే అంది నాతో. నా చేతిలో రుచి లేదే, మీ నాన్న కర్మ అంది. అలా అనుకుంటూ పోయింది."

"అనుకోనీ. అట్టా అనుకుంది కాబట్టే నలభై ఏళ్లు నా మొకం చూస్తా నిలబడింది."

ఖాసిం లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అతనికి ఇంట్లో భార్య ఉంది. ఉదయం ఇడ్లీ గట్టిగా ఉందని చెప్పి వచ్చాడు. మెత్తగానే ఉంది.

మేదిని తేరుకుంది. ఏడవడానికి వ్యవధి లేదు. డాక్టర్లిచ్చిన నెలలో వారమే మిగిలింది, ఆ తర్వాత శస్త్రచికిత్స.

"సరే నాన్నా. ఒప్పుకో. ఇరవై నిమిషాలు. కాలు దక్కుతుంది."

"ఏం పోద్ది?"

యంత్రం చెప్పింది. "పెట్టినవారిని నొప్పిస్తే కలిగే సుఖం. మిగతావన్నీ ఉంటాయి."

యశ్వంత్ మొదటిసారి భయపడ్డాడు. రెండు చేతులతో టోపీ అంచు పట్టుకున్నాడు.

"అన్నం తీసెయ్ అమ్మాయ్. బజ్జీ తీసెయ్. తీపి తీసెయ్. కాఫీ కూడా తీసెయ్, పో."

"వాటివల్ల కాలు నిలవదు," అంది యంత్రం.

"నిన్నడగలా!"

"నాన్నా, కాలు పోతుంది. అర్థమవుతోందా? మోకాలి కింద ఏమీ ఉండదు."

"అర్థమవుద్ది. నువ్వే అర్థం చేసుకో. వంక పెట్టేవాడు లేకపోతే పెట్టేవాళ్లు గిన్నె బల్ల మీద పడేసి పోతారు. మొకం ఎవరు చూస్తారు? అది కూడా పోతే ఆ ఇంట్లో నేనెవర్ని?"

ఖాసిం వెనక్కి తిరిగి వచ్చి మెల్లగా అన్నాడు. "మేడమ్, టోపీ ఆయన తలమీదే ఉంది. మీట మీ చేతి కిందే ఉంది. నేనేమీ చూడలేదు."

మేదిని చెయ్యి మీట మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది. నొక్కితే కాలు దక్కుతుంది. రేపటి నుంచి ఈ మనిషి ప్రతి ముద్దకీ బాగుందంటాడు. ఎవరితో అంటాడు? ఆ మాట కోసం నలభై ఏళ్లు గరిటె పట్టుకుని నిలబడిన మనిషి లేదు. ఆమెకి దక్కని ఆ మాట తను వినదలచుకోలేదు. మేదిని చెయ్యి తీసేసింది. నిబంధన కోసం తీశానని ఆ రోజు నివేదికలో రాసింది.

ఆమె టోపీ విప్పింది. యశ్వంత్ కాలు తీయడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. పెన్ను సరిగ్గా రాయడం లేదన్నాడు.

గురువారం ఉదయం మోకాలి కింద నాలుగు అంగుళాలు ఉంచి మిగతాది తీసేశారు. రెండు రోజులు ఆయన మాట్లాడలేదు, తినలేదు. గొట్టం ద్వారా సెలైను ఎక్కించారు. మనిషి ఇంక లేవడేమోనని డాక్టర్లు మేదినిని పక్కకు పిలిచి చెప్పారు.

మూడో రోజు కట్టు మార్చడానికి శస్త్రచికిత్స చేసిన డాక్టరమ్మ స్వయంగా వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పాత పద్ధతిలో చేత్తో కుట్లు వేయడంలో ఆమెకు పేరుంది. గుడ్డ విప్పింది. కుట్లు వరస తప్పకుండా, పూలదండలా ఉన్నాయి. యశ్వంత్ తల ఎత్తి వాటిని చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు.

"ఎవరమ్మా వేసింది ఈ కుట్లు? గోనెసంచి కుట్టినట్టుంది. నీకు ఈ చదువెవరు చెప్పారు?"

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది.

యశ్వంత్ బుగ్గల్లోకి రంగు వచ్చింది. మోచేతుల మీద లేచి కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఆకలేస్తంది. అన్నం పెట్టించు," అన్నాడు.