నూకరత్నం పూచీ

నూకరత్నం పొయ్యిమీద అరచేయి ఆనించి నిప్పు అడిగింది. తిండినీ నిప్పునీ కాపు కాసే గోడలోని యంత్రం, పథ్యపాలిక, ఆమె ఊపిరి తూచి, గోళ్లు పరీక్షించి, నీలిమంట వదిలింది. పాత ఊరు సముద్రంలో కలిశాక నీళ్లమీద కట్టుకున్న ఈ తేలువాడలో నిప్పు ఎవరి సొంతమూ కాదు. నిప్పుహక్కు ఉన్న చెయ్యి అడిగితేనే వస్తుంది.

"ఈ రోజు భార్గవ్ పుట్టినరోజు," అంది పథ్యపాలిక, ఎప్పటిలాగే తియ్యగా. "పిల్లలకు పంక్తి భోజనం. కొన్ని తిండ్లు ఒంటికి సరిపడవని పడనిముద్ర ఉన్న అతిథి ఒకరు. ఆమె గాజుపందిరిలో కూర్చుంటుంది."

"ఎన్నిసార్లు చెప్తావే? చెవుడేం రాలేదు నాకు."

పక్కన కొబ్బరికాయ కొడుతున్న బుల్లియ్య నవ్వాడు. అతను నూకరత్నం మరిది. కూరలు తరగడం అతని పని. "గోడతో కూడా దెబ్బలాటేనా వదినా? అన్నయ్య ఉన్నన్నాళ్లూ ఆయన పడ్డాడు. ఇప్పుడు పాపం గోడ పడతంది."

"మీ అన్నయ్యకి నాలికైనా ఉండేది. ఉప్పు తక్కువైతే చెప్పేవాడు. దీనికి నోరే గానీ నాలికేదీ?"

భార్గవ్ తల్లి హిమజ కోరిన వంటలు గోధుమ కేకు, పాలకోవా, వేరుశనగ గుళ్లు వేసిన పులిహోర. పడనిముద్ర ఉన్న పిల్లకు మాత్రం తిండి నియమాలు పెట్టే పైఅంతస్తు నుంచి మూతపొట్లం వచ్చింది. అందులో ఉండేది ఎవరి ఒంటికైనా పడే బూడిదరంగు శమనపిండి. దానికి వాసన ఉండదు.

ఆ పిల్ల అందరికంటే ముందే వచ్చింది. వంటగది గుమ్మంలో నేలమీద గీసిన ఎర్రగీత దగ్గర ఆగి, లోపలికి మెడ చాచి నిలబడింది. పడనిముద్ర వేసిన ముంజేతి పట్టీ టిక్కుటిక్కుమంటోంది.

"ఎవరమ్మా నువ్వు?"

"వేణినండి. భార్గవ్ వాళ్ల బళ్లోనే."

"గీత దాటకమ్మా, గోడ అరుస్తాది."

"తెలుసండి. వాసన చూద్దామని వచ్చాను. వాసనకి ముద్ర లేదు కదండీ."

బుల్లియ్య చేతిలో కత్తి ఆగింది.

"ఆకలేస్తందా?" అని అడిగింది నూకరత్నం.

"లేదండి. పుట్టినరోజులకి వెళ్లినప్పుడు నాకు ఆకలెయ్యదు." ఆ మాట ఎన్నోసార్లు చెప్పి నున్నగా అరిగిపోయినట్టుంది. "గాజుపందిట్లో కూర్చుంటే వాళ్లు నవ్వడం కనపడుద్దండి. ఎందుకో వినపడదు. నేనూ నవ్వేస్తాను, కొంచెం తర్వాత."

భార్గవ్ పిలిస్తే పరుగెత్తింది. నూకరత్నం చేతిలో గరిటె అలాగే ఉంది.

ఈ గాజుపందిరి ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు ఇలాంటి విందులోనే పులిహోరలో ఇంగువ వేశారు. ఆ ఇంగువలో గోధుమపిండి కలిసి ఉంది. తిన్న పిల్లాడు ఊపిరాడక ఆసుపత్రి ఓడ ఎక్కాడు. ఆ భయం అబద్ధం కాదు. అయితే ఇంగువ మానెయ్యాల్సింది పోయి, పిల్లల్ని మానేశారు.

పంక్తిలో ఏ ఆకునూ దాటి వెళ్లకూడదని నూకరత్నానికి గరిటె చేతికిచ్చిన రోజే అత్తగారు చెప్పింది. పంక్తిభేదం చేసిన చేత్తో ఎంత నెయ్యి పోసినా ఆ అన్నం ఒంటికి పట్టదంది. ఇన్నాళ్లూ ఆ చేత్తోనే గాజు వెనక్కి పొట్లాలు తోస్తూ వచ్చింది తను.

"వేణి వాళ్లమ్మని పిలువు," అంది గోడతో.

గాలి హోరుతో పాటు గోడలోంచి ఆ తల్లి గొంతు వినబడింది. వలల రేవులో పనిలో ఉంది. "ఏమైందండీ? పిల్లకేమైంది?"

"ఏం కాలేదమ్మా. ఇంట్లో ఏం తింటాదో కనుక్కుందామని."

"పాలు, గోధుమ, వేరుశనగ, ఈ మూడే పడవండి దానికి. మిగతావన్నీ తింటాది. కొబ్బరంటే ప్రాణం. ఎందుకండీ?"

"పంక్తిలో కూర్చోబెడదామని."

హోరు తగ్గింది, ఆ తల్లి గాలి చాటుకి జరిగినట్టుంది. "మీరే వండుతారాండి?"

"నేనే."

"అయితే పెట్టండి."

నూకరత్నం గోధుమపిండి, పాలు, వేరుశనగ, ఇంగువడబ్బా అన్నీ బయటికి పంపేసింది. బల్లలు కడిగించింది. గిన్నెలూ గరిటెలూ మరిగే నీళ్లలో వేయించింది. మూత తీయని నూనె తెప్పించింది. కొర్రబియ్యం ఉడికించి, కొబ్బరిపాలు, బెల్లం పోసి పరవాన్నం దించింది. పులిహోరలో శనగపప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, అంతే. బుల్లియ్య బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి కలిపి అప్పాలు తట్టాడు.

"వంటకాలు మారాయి," అంది పథ్యపాలిక. "అయినా పడనిముద్రకు మూతపొట్లమే. ఒకే పంక్తి కుదరదు."

"పూచీ రాసుకో."

బుల్లియ్య అప్పం నూనెలోకి జారవిడిచి వెనక్కి తిరిగాడు. పూచీ అనేది నియమాల్లో ఉంది గానీ ఎవరూ వాడింది లేదు. పడనిముద్ర ఉన్నవాళ్లని పంక్తిలో కూర్చోబెట్టాలంటే వంటమనిషి తన నిప్పుహక్కును పణంగా పెట్టాలి. తర్వాత విచారణలో పైఅంతస్తు ఒప్పుకోకపోతే తేలువాడలో ఏ పొయ్యీ మళ్లీ ఆ చేతిని గుర్తుపట్టదు.

"వదినా, ఈ చెయ్యి తప్ప నీకింకేముంది?"

"అందుకే దాన్నే పెడతన్నాను."

అరచేయి గోడకు ఆనించింది. గోడ కాస్త వెచ్చబడి మళ్లీ చల్లారింది.

హిమజ కంగారుగా వచ్చింది. "కేకు ఏదండీ నూకరత్నంగారూ? పూచీ ఏంటి? ఏదన్నా తేడా వస్తే మా ఇంటిమీద కూడా మచ్చ పడుతుంది!"

"వేణిని మీరే పిలిచారు కదమ్మా?"

"పిలిచాం. భార్గవ్ ఏడ్చి మరీ పిలిపించాడు."

"పిలిచి గాజులో పెట్టేకంటే పిలవకపోవడమే మర్యాద. ఆ పిల్లకి పడనిదేదీ ఈ వంటలో లేదు. వాళ్లమ్మనడిగే చేశాను. మీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, గిన్నెలెత్తుకుని పోతాను. పొట్లం మాత్రం నేను వడ్డించను."

హిమజ పరవాన్నం గిన్నె వైపు చూసింది. తర్వాత వాకిట్లోకి చూసింది. వేణి అప్పటికే, ఎవరూ చెప్పకుండానే, గాజుపందిరి వైపు నడుస్తోంది.

"వేణీ! అటు కాదమ్మా," అంటూ హిమజ అరటాకులు తీసుకుని తనే పరవడం మొదలుపెట్టింది. భార్గవ్ వేణిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

నూకరత్నం మొదటి గరిటె వేణి ఆకులో వేసింది.

"పూచీ నమోదైంది. విచారణ దాకా నిప్పు ఆపుతున్నాను," అంది పథ్యపాలిక. వంటగదిలో మంట టప్పున ఆరిపోయింది.

"వంటయ్యాక ఆర్పితే ఎవరికే నష్టం?" అన్నాడు బుల్లియ్య, వదిన మాట అరువు తెచ్చుకున్నట్టు.

గాజుపందిరి తలుపు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. "అతిథి రాలేదు. అతిథి రాలేదు," అంటోంది తలుపులోంచి పథ్యపాలిక గొంతు. లోపల పొట్లం ఒక్కటే ఉంది. భార్గవ్ ఆ గొంతును అనుకరించాడు. పంక్తి అంతా పకపకా నవ్వింది. వేణి కూడా వాళ్లతో పాటే నవ్వింది, అదే క్షణంలో.

ఆమె ఆకు ఖాళీ అయింది. పొట్లానికి రెండోసారి ఉండదు గనక, ఏం చెయ్యాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకా అడగొచ్చాండి?"

"మారు వడ్డనకు పూచీలో నియమం లేదు," అంది పథ్యపాలిక. ఇంకేదో అనబోయి తడబడింది. "వలల రేవు వంటగది అడుగుతోంది. ఉప్పుమళ్ల వంటగది అడుగుతోంది. వేణి తల్లి చెప్పిందట. పూచీ ఎలా రాయాలని అడుగుతున్నారు." అది ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగలేదు. "ఏం చెప్పను?"

నూకరత్నం గరిటె నిండా పరవాన్నం తీసింది.

"చెయ్యి గోడకి ఆనించమను. ముందు ఆ ఇంగువడబ్బా బయట పారెయ్యమను," అని, వేణి ఆకు మీదికి వంగింది.