గొళ్ళెం వేసిన గది

లోరికా ఊళ్ళో మనిషి పోయిన ఇంట్లో తొమ్మిది రాత్రులు ప్రార్థనలు చేస్తారు. తొమ్మిదో రాత్రి దీపాలార్పి, తలుపులన్నీ బార్లా తెరుస్తారు. పోయినవాడు ఆ దారినే వెళ్ళిపోవాలి.

మొగుడు పోయిన తొమ్మిదో రాత్రి ఒబ్దూలియా మాత్రం పడకగదిలోకి వెళ్ళి గొళ్ళెం వేసుకుంది.

ఆమె మొగుడి పేరు ఎవరిస్తో. అతనికి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. మాస్కులోంచి గొంతులోకి గాలి నెట్టే మిషను ఇచ్చారు. కరెంటు పోయిన రాత్రులకని, కింది దవడను ముందుకు లాగి పట్టే పళ్ళ తొడుగు కూడా ఇచ్చారు. జబ్బు ముదిరింది, తొడుగొక్కటే చాలదు, కరెంటుంటే మిషనే పెట్టుకోమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. కానీ మాస్కు పట్టీలకు పొద్దున్నే అతని బుగ్గల మీద ఎర్రటి వాతలు తేలేవి. చేపల రేవులో అందరూ నవ్వేవారు. ఒబ్దూలియాకూ ఆ మాస్కంటే ఒళ్ళుమంట. "ఈ పూటకి తొడుగు చాల్లేవయ్యా, పడుకో," అందొక రాత్రి. ఆ రాత్రి కరెంటు ఉంది. తెల్లారేసరికి అతను లేడు. ఏడ్చి ఏడ్చి, ఆ మాస్కును తనే శవపేటికలో అతని తల పక్కన పెట్టి పూడ్పించింది.

"తలుపు తియ్యి వదినా," ఆడపడుచు బెనీల్దా బయట్నుంచి గుసగుసగా అంది. "అన్నని పోనీ."

"ఒక్కసారి ఆయన ఊపిరి వినాలే. విని తీస్తాను."

బెనీల్దా బతిమాలి బతిమాలి ఊరుకుంది. వాన మొదలైంది. ఆరిన వత్తుల వాసన పోయి, గదినిండా తడిమట్టి వాసన కమ్ముకుంది.

అప్పుడు వినిపించింది. ఆమె పడుకున్న పరుపు మీదే, పక్కన... గురక. ఒబ్దూలియాకు ప్రాణం లేచొచ్చింది.

గురక ఆగింది.

ఎదురుచూసింది... ఇంకా ఎదురుచూసింది... ఎప్పట్లాగే మోచేత్తో పొడిచింది. చల్లగా ఏదో తగిలింది. గురక మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. ఈ తలుపు మూసి ఉన్నంతసేపూ అతను చస్తూనే ఉంటాడు. అది తెలిసి ఆమె గుండె పగిలింది.

"పోవయ్యా... పో," అని ఏడుస్తూ లేవబోయింది. లేవలేకపోయింది. బాగా ఎరిగిన చెయ్యొకటి చీకట్లో ఆమె జుట్టు పక్కకు సర్దుతోంది. నెమ్మదిగా... జాగ్రత్తగా...

తెల్లారాక గొళ్ళెం తనే తీసింది.

"వెళ్ళిపోయాడే. నేనే పంపించేశాను," అంది.

బెనీల్దా మాత్రం వదిన బుగ్గల వంకే చూస్తోంది. రెండు వైపులా, చెవుల దాకా, ఎర్రటి పట్టీల వాతలు. వాటి నిండా తడిమట్టి.