ఆ పన్ను నాది

"ఆ పన్ను నాది!"

హాలు వెనక వరుసలోంచి లేచిన ఆ కేకకి, పైన తిరుగుతున్న ఫ్యాన్లు ఒక చుట్టు వెనక్కి తిరిగాయని అక్కడున్నవాళ్లు చెబుతారు. ఒక చుట్టేమిటి, రెండు చుట్లు తిరిగుంటాయి. ఆ గొంతు నాకు తెలుసు.

సంగతేమిటంటే, పళ్ల డాక్టర్లకి పట్టా చేతికొచ్చినా చదువు వదలదు. ఏటేటా ఇలా ఒకచోట కూర్చుని కొత్త పద్ధతులు విని, చేసి చూసి వెళితేనే లైసెన్సు నిలబడుతుంది. మన చేత నోళ్లు తెరిపించి హడలగొట్టే వాళ్లందరూ ఆ పూట బుద్ధిగా కుర్చీల్లో కూర్చుని పెన్ను మూతలు కొరుకుతుంటారు. అలా కొరికితే పళ్లు పాడైపోతాయని మనకి చెప్పేదీ వాళ్లే.

ఆ రోజు పొద్దుటి పాఠం రూట్ కెనాల్. మధ్యాహ్నం పాఠం పేషెంట్లతో మాట తీరు. రెండూ చెప్పేది ఒక్కడే. ఇస్త్రీ నలగని చొక్కా వేసుకుని, తెర మీద బొమ్మలు మార్చే రిమోట్‌ని కత్తిలా తిప్పే కుర్రాడు. తోటి డాక్టర్లు వాడికి స్లైడ్ల డాక్టరని పేరు పెట్టారు.

తెర మీద కింది దవడ ఎక్స్‌రే ఒకటి వేసి, వాడన్న మాటలివి:

"చూడండి. రెండు కెనాల్స్‌లో ఏదో తెల్లగా కూరి చేతులు దులుపుకున్నారు. మూడోది ఉందన్న సంగతే ఈ మహానుభావుడికి తెలీదు. పన్నుకి ఎన్ని దారులుంటాయో కాలేజీలో చెప్పిన రోజు ఈయన క్యాంటీన్‌లో ఉండుంటాడు!"

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వు మధ్యలోంచి లేచిందే ఆ కేక.

"మీ పన్నా మేడమ్?" స్లైడ్ల డాక్టరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మీ నోట్లో అన్నీ భద్రంగానే కనిపిస్తున్నాయే!"

"నా నోట్లోది కాదు. నా చేతి పని. ఆ పన్నుకి వైద్యం మొదలుపెట్టింది నేను!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి.

ఆ కేక వేసిన డాక్టరమ్మ పక్కనే ఆమె పెదనాన్న కూర్చున్నాడు. ఆయనా పళ్ల డాక్టరే. తెర మీది పన్ను తమ పేషెంటుదని ఇద్దరూ ఒకేసారి పోల్చుకున్నారు. దాని పక్క పన్నులో ఒక వెండి ఫిల్లింగ్ ఉంది, అంచున కొక్కెంలా చిన్న వంపుతో. అలా వంపు తిప్పేది లోకం మొత్తానికి పెదనాన్న ఒక్కడే. అందుకే ఆయన్ని కొక్కెం డాక్టరంటారు.

ఈ మధ్య ఆయన వేళ్లు వణుకుతున్నాయి. క్లినిక్‌ని ఎవరికైనా అమ్మేయాలా, తమ్ముడి కూతురి చేతిలో పెట్టాలా అని ఏడాదిగా తేల్చుకోలేక నలిగిపోతున్నాడు. పిల్లకి పని వచ్చు, సందేహం లేదు. కోపం అంతకంటే బాగా వచ్చు. ఆయన భయమంతా దాని గురించే. "పాఠాలు అయ్యాక సాయంత్రం చెబుతానమ్మడూ" అని ఆ పొద్దున్నే అన్నాడు. ఇప్పుడు చూస్తే గోడంత పన్ను, హాలంత నవ్వు.

"మూడోది వదిలేశావా అమ్మడూ?" అన్నాడు మెల్లగా.

స్లైడ్ల డాక్టరు వెక్కిరింపు చెవుల దగ్గరే ఆగింది. ఈ మాట మాత్రం లోపలిదాకా దిగింది.

"నువ్వు కూడానా పెదనాన్నా?" అంది డాక్టరమ్మ. కళ్లలో నీళ్లు రాబోయి, అక్కడి వేడికి ఆవిరైపోయాయి.

పళ్ల డాక్టర్ల సంఘం సెక్రటరీ పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, ముందు టీ తాగుదాం, తర్వాత మాట్లాడుకుందాం."

"నాకు టీ వద్దండీ. జవాబు కావాలి."

గొడవ చల్లారుద్దామని స్లైడ్ల డాక్టరు తర్వాతి అంశంలోకి దూకేశాడు. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇవ్వడం ఎలా? వేదిక మీద కుర్చీ ఉంది, సూది ఉంది, మందు ఉంది. "ఎవరైనా ముందుకొస్తే చేసి చూపిస్తాను" అన్నాడు.

రోజంతా జనాన్ని పొడిచే శూరులు ఒక్కసారిగా తమ బూట్ల వంక చూసుకోవడం మొదలుపెట్టారు.

"నేనొస్తాను" అంది డాక్టరమ్మ.

"శభాష్! రండి, కూర్చోండి."

"తీసుకోవడానికి కాదు, ఇవ్వడానికి. మీరు కూర్చోండి."

ఇప్పుడు హాలు మళ్లీ నవ్వింది. ఈసారి నవ్వు డాక్టరమ్మ వైపుది. స్లైడ్ల డాక్టరు మొహంలో రంగులు మారాయి. అయినా నలుగురి ముందు వెనక్కి తగ్గితే ఏం బావుంటుంది? వెళ్లి కుర్చీలో వాలాడు.

"బాబూ, కాలర్ మైకు తీసేయనా?" సెక్రటరీ అప్పటికే మైకు వైపు చెయ్యి చాపాడు.

వాడు ఆమె కళ్లలోకి చూశాడు. చూడకుండా ఉండాల్సింది, చూశాడు. "వద్దండీ. ఉండనివ్వండి. నేను నవ్వింది అందరికీ వినపడింది కదా, ఇదీ వినపడాలి."

ఆమె గ్లవ్ తొడుక్కుని చటుక్కున లాగిన చప్పుడుకి ముందు వరుసలో ఇద్దరు దవడలు పట్టుకున్నారు.

"నోరు తెరిచే ముందు జవాబు చెప్పండి. ఆ పన్ను మీరు తెరిచినప్పుడు లోపల ఏముంది? పని ముగిశాక గట్టిగా నింపే రబ్బరా, మెత్తటి మందా?"

"మందు."

"పైన మూసింది అసలు ఫిల్లింగా, నాలుగు రోజులకి వేసే సిమెంటా?"

"సిమెంటే. సగం అరిగిపోయింది."

"అంటే?"

వాడు గుటక మింగిన చప్పుడు మైకులోంచి హాలంతా వినిపించింది. "అంటే, పని మధ్యలో ఉంది."

"మధ్యలో ఉంది! ఆయన బ్యాండులో బాకా ఊదుతాడు. చెంప బంతిలా వాచి వచ్చాడు. మూడోది నా కంటికి కనిపించింది, కానీ ఆ వాపుతో నోరు అంతకంటే తెరుచుకోలేదు. అందిన రెండింట్లో మందు పెట్టి, వాపు తగ్గాక రమ్మన్నాను. నొప్పి పోయింది, మనిషి మాయం! నేను ఫోన్ చేస్తే, ప్రోగ్రాములున్నాయి మేడమ్ అంటాడు. అలాంటి మనిషి మీ దగ్గరికొచ్చాడు. ఇంతకుముందు ఎవరు చూశారని అడిగారా?"

"లేదు. మందుతోనే ముగించేశారనుకున్నాను."

"అనుకున్నారు! ఒక్క ఫోన్ చేసుంటే మీ సొమ్మేం పోయేది? తెరవండి నోరు!"

వాడు నోటితో పాటు కళ్లు కూడా... కాదు, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. హాల్లో సగం మంది కూడా మూసుకున్నారు.

"ఎప్పుడు పొడుస్తారు?" అన్నాడు చివరికి.

"అయిపోయింది."

"అయిపోయిందా?"

"కోపం మీ మీద. మీ దవడ నాకేం చేసింది?"

ఆ తిమ్మిరి మందు దవడకి పోవాల్సింది, దారి తప్పి తిన్నగా గుండెలోకి పోయిందని నేనంటాను. స్లైడ్ల డాక్టరు ఒప్పుకోడు. మందు చోటుకే వెళ్లిందట, గుండె సంగతి వేరేనట.

మధ్యాహ్నం వాడు మళ్లీ వేదికెక్కేసరికి మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. పాఠం పేషెంటుతో మాట తీరు కదా, వాడికి మాటే సరిగా రావడం లేదు. అయినా అదే ఎక్స్‌రే మళ్లీ వేశాడు.

"ఈ డాక్టరు చేసింది సరైన పని. కాలేజీలో ఆ రోజు క్యాంటీన్‌లో ఉన్నది నేనే. ఇంకొకరి పని కనబడగానే నోరు పారేసుకోకండి, ముందు ఫోన్ తీయండి. ఇవాళ్టికి పాఠం ఇంతే."

ఇంతలో పెదవి చివర నుంచి చొంగ కారి, ఆ ఇస్త్రీ చొక్కా మీద పడింది. అందరూ నవ్వారు. వెనక వరుసలో ఇద్దరు నవ్వలేదు.

బయట వాన మొదలైంది. మామూలు వానా అది! పార్కింగ్‌లో స్కూటర్లు ఈదుకుంటూ ఇంటికెళ్లాయి. వరండాలో పెదనాన్న డాక్టరమ్మని పక్కకి పిలిచాడు.

"అమ్మడూ, క్లినిక్ అమ్మడం లేదు. ఇకనుంచి ఆ కుర్చీ నీది."

"స్లైడ్లవాడు సర్టిఫికెట్ ఇచ్చాడనా?" డాక్టరమ్మ ముక్కుపుటాలు అదిరాయి.

"వాడెవడే నాకు చెప్పడానికి! నీ కోపానికి నీ చెయ్యి ఎక్కడ లొంగిపోతుందోనని ఇన్నాళ్లూ భయపడి చచ్చాను. ఇవాళ కోపం చూశాను, చెయ్యీ చూశాను. చెయ్యి కదల్లేదు. మూడోది వదిలేశావా అని అడిగాను చూడు, అదే నా తప్పు."

కాస్త అవతల స్తంభం పక్కన స్లైడ్ల డాక్టరు పొగలు కక్కే కాఫీ కప్పు మూతి దాకా ఎత్తాడు. డాక్టరమ్మ ఒక్క ఉదుటున వెళ్లి ఆ కప్పు లాగేసుకుంది.

"బుద్ధుందా? మూతి తిమ్మిరెక్కి ఉన్నప్పుడు వేడి కాఫీ తాగుతారా? పెదవి కాలినా తెలీదు! ఏం చదివారండీ మీరు?"

"పారీ" అన్నాడు వాడు, సారీ అనలేక.

"క్షమించలేదు!" అని, ఆ కాఫీ తనే తాగేసింది.

ఆ తర్వాత వాడికి ఫోన్ జబ్బు పట్టుకుంది. ఎవరి నోట్లో పాత ఫిల్లింగ్ కనిపించినా చాలు, డాక్టరమ్మకి మోగించేవాడు.

"ఈ పన్ను మీదేనా అండీ?"

"కాదు! పక్క దేశంలో కట్టించుకున్నాడని మీరే అన్నారు, అది నాదెలా అవుతుంది?"

"అడిగి తెలుసుకోమన్నారు కదా."

"పని లేదా మీకు?" అని ఠపీమని పెట్టేసేది. ఫోన్ రాని రోజున మాత్రం అసిస్టెంటు మీద అరిచేది, కుర్చీ తుడవలేదని, దూది తడిసిందని, బయట ఎండ ఎక్కువగా ఉందని.

పెదనాన్న ఇదంతా చూస్తూ వచ్చాడు. ఒక సాయంత్రం ఆమె చేతులు కడుక్కుంటుండగా ఫోన్ మోగింది. ఆయనే ఎత్తాడు.

"ఈ పన్ను మీదేనా అండీ?" అంది అవతలి గొంతు.

"పళ్ల సంగతి అలా ఉంచు బాబూ. ముందు నువ్వు మావాడివో కాదో తేల్చు."

"పెదనాన్నా!" తడి చేతులతోనే వచ్చి ఫోన్ లాక్కుంది డాక్టరమ్మ. మొహం కందగడ్డలా అయిపోయింది.

"ఏమండీ! పెద్దాయన ఏదో అడుగుతుంటే జవాబు చెప్పరేం? ఇవాళ నేనేం సూది గుచ్చలేదే!"

"లేదండీ. భయంగా ఉంది."

"నేనంటేనా?"

"మీరు కాదంటారని."

ఆమె పెదనాన్న వంక చూసింది. ఆయన ఆ పూట ఎక్కడా లేని శ్రద్ధతో దూది ఉండలు సర్దుతున్నాడు.

"కాదనను" అంది. వెంటనే గొంతు పెంచింది. "క్షమించానని మాత్రం అనుకోకండి!"