పచ్చ లైటు పొడపత్రి

ఎర్ర లైటు వెలిగింది. వంతాల చిలకమ్మ ఆకును తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ అద్దం కింద పెట్టింది. మళ్లీ ఎర్ర లైటే.

"కల్తీ" అన్నాడు ఆపరేటర్, తల ఎత్తకుండానే. "కార్డు ఇలా ఇవ్వు. రద్దయింది."

"ఏటి బాబూ ఈ అన్యాయం! మా కొండ మీది తీగే. నా సేత్తో కోసి నీడనెండబెట్టినాను. కార్డు నేకపోతే మాకు కూడు నేదు."

పాడేరు ఆకు పరీక్ష కేంద్రంలో ఉన్న ఆ యంత్రం పేరు పత్రదర్శి. అది పనిచేసే తీరు తేలికే. ఆకు మీద కాంతి వేస్తుంది. ఆకులోని రసాయనాలు కొంత కాంతిని మింగి, మిగతాది వెనక్కి పంపుతాయి. అలా తిరిగొచ్చిన కాంతిని తన మెమరీలోని అసలు ఆకు స్పెక్ట్రంతో పోలుస్తుంది. కలిస్తే పచ్చ లైటు, కలవకపోతే ఎర్ర లైటు. పచ్చ లైటు పడని ఆకు అమ్మడమే కాదు, కార్డు లేకుండా కొండ మీద ఆకు కోయడం కూడా నేరమని చట్టం తెచ్చారు.

యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ వకుళ ఆ రోజు తనిఖీకి వచ్చింది. గొడవ విని పక్కగదిలోంచి బయటికొచ్చి, చిలకమ్మ ఆకు ఒకటి నమిలి, చక్కెర నోట్లో వేసుకుంది. ఇసుక నమిలినట్టుంది. షుగరు మందుకు వాడే ఈ పొడపత్రి నమిలిన నాలుకకు కాసేపు తీపి తెలియదు. అసలు ఆకుకు అదే గుర్తు. తీపి తిరిగొచ్చేదాకా కూర్చుని, పచ్చ లైటు పడ్డ మూటలోంచి ఇంకో ఆకు నమిలింది. ఈసారి చక్కెర తియ్యగానే ఉంది.

వకుళకు ఒళ్లు మండిపోయింది. వెంటనే మూలికల శాఖ డైరెక్టర్ తారకేశ్వరరావుకు ఫోన్ చేసింది. "యంత్రానికి నేర్పిన నమూనా ఆకులు ఎక్కడివి సార్?"

"టెండర్ పిలిచాం కదమ్మా. తక్కువ రేటు వేసినవాడు సప్లై చేశాడు. సీలూ సర్టిఫికెట్టూ అన్నీ ఉన్నాయి."

"వాడు ఏదో పిచ్చి తీగ ఆకులిచ్చాడు! మన యంత్రం దాన్నే అసలని నేర్చుకుంది. అసలు ఆకు తెచ్చినవాళ్ల నోటి దగ్గర కూడు లాగేస్తున్నాం!"

"అరవకు. తప్పని ఒప్పుకుంటే ఇన్నాళ్లూ అమ్మిన మందులన్నీ వెనక్కి తెప్పించాలి. నా ఉద్యోగం ఉంటుందా?"

సిగ్గున్నవాళ్లయితే యంత్రాన్ని సరిచేసేవాళ్లు. మన ఘనులు జీవో ఇచ్చారు. మెమరీలో ఉన్న ఆకే ఇకపై పొడపత్రి, మిగతాదంతా కల్తీ! వకుళను స్టోర్సుకు బదిలీ చేశారు. చిలకమ్మ కాఫీ తోటలో కూలికి కుదిరింది.

తారకేశ్వరరావుకు షుగరుంది. పచ్చ ముద్ర వేసిన మందు సీసాలు జనానికి చాలుగాని, తాను మింగడానికి ఆయనకు మనసొప్పలేదు. చిలకమ్మ ఎక్కడుందో కనుక్కుని, కారేసుకుని కాఫీ తోటకే వచ్చాడు.

"అమ్మా, కొండ మీది ఆకు ఒక సంచెడు కోసిపెట్టు. ఎవరికీ తెలియనివ్వను."

చిలకమ్మ గంప కింద పడేసింది. "కార్డు లాగేసి మా పొయ్యి ఆర్పేసినావు. కోస్తే జైలన్నావు. ఇప్పుడు నీకోసం జైలుకెళ్లాలా? నాను కొయ్యను. నీ పచ్చ ముద్ర సీసానే మింగు, పో!"

ఆయన మొహం మాడ్చుకుని వెనక్కి తిరిగాడు. కారెక్కబోతుంటే ఏదో తీగ మొహానికి తగిలింది. విసుగ్గా లాగి, తెంపి, బూటు కాలితో తొక్కేసి వెళ్లిపోయాడు.

అది పొడపత్రే.