ఏబేలు గిటారు

బెన్నీకి ఆటో తోలడం పని. గిటార్లు పోగెయ్యడం పిచ్చి. మార్కాపురం స్టాండు నుంచి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకముందే నడింటి గోడకు తగిలించిన గిటార్లను ఒక్కొక్కటీ దించేవాడు. గుడ్డతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని టింగుమనిపించి, మళ్ళీ తగిలించేవాడు. మొత్తం నాలుగు. ఏసు గుళ్ళో వాయించే కొత్తది ఒకటి, నల్లగా నిగనిగలాడుతుండేది. గిద్దలూరులో ఎవరో అటక మీద పడేసినది ఒకటి. దోర్నాల హోటలాయన కొడుకు నేర్చుకోలేక వదిలేసినది ఒకటి. ఇంకోటి, చెక్క పగిలితే బెన్నీయే జిగురు పెట్టి అతికించినది.

"కొత్తవి దుకాణంలో ఎన్నయినా దొరుకుతాయి హెలెనూ. పాత చెక్క ఎండి ఎండి ఉంటాది. దాని గొంతే వేరు," అనేవాడు పెళ్ళాంతో.

హెలెను నవ్వి ఊరుకునేది. ఆమె ఏనాడూ వాటిని ముట్టుకుని ఎరగదు. నలుగురిలో నోరు విప్పాలంటేనే సిగ్గు. గుళ్ళో కూడా చివరి చాప మీద కూర్చుని పెదాలు మాత్రం కదిలించేది. కూతురు ఫెబీ అట్ల కాదు. పన్నెండేళ్ళ పిల్ల పాట ఎత్తుకుంటే దారిన పోయే ట్రాక్టరు కూడా ఇంజను తగ్గించుకుని పోయేది.

"ఏందమ్మే, నీ గొంతు కూడా ఈ పిల్లకే ఇచ్చేసినావా?" అని పక్కింటి రంగనాయకమ్మ ఎగతాళి చేసేది. హెలెనుకు ఆ మాట వింటే లోపల పొంగేది. ఆ పిల్ల గొంతు ఒక్కటే ఆమెకున్న ఆస్తి.

ఆ ఎండాకాలం బెన్నీ ఒక కబురు తెచ్చినాడు. వాగు అవతల పల్లెలో ఏబేలు అనే ముసలాయన గిటారు ఉందంట. కలకత్తాలో చేసినది, యాభై ఏళ్ళ నాటిది. బెన్నీ ఫోనులో పాత గిటార్ల వాళ్ళ గ్రూపు ఒకటి ఉంది. అందులో ఒంగోలు శ్రీకాంత్ అనే ఆయనకు ఇల్లంతా పాత గిటార్లే. ఆ రకం కోసం తాను ఎన్నేళ్ళుగానో వెతుకుతున్నానని, దొరికితే దాని మీద ఉన్నది ఉన్నట్టే ఉంచమని, చిన్న మర కూడా మార్చొద్దని, ఆదివారం తానే వచ్చి చూస్తానని ఆయన చెప్పినాడు. అంతటి మనిషి తన గడప తొక్కుతాడంటే బెన్నీకి కాళ్ళు భూమ్మీద ఆనలేదు.

హెలెనును కూడా ఆటోలో ఎక్కించుకుని పోయినాడు. ఏబేలు పోయి రెండేళ్ళయింది. ఆయన భార్య మగ్దలీనమ్మ ఒక్కతే ఉంది. చూపు సగం పోయింది, వేళ్ళు వంకర్లు తిరిగిపోయినాయి. గిటారును మంచం కింద నుంచి తీయించి బెన్నీ చేతికిచ్చింది.

"ఈ చుట్టుపక్కల విశ్వాసుల ఇండ్లల్లో చావయితే ఆయన్నే పిలిచేవాళ్ళమ్మా," అని హెలెనుతో చెప్పింది. "పోయి శవం తల దగ్గర కూర్చునేవాడు. కూర్చోగానే పాట ఎత్తుకోడు. ముందు శ్రుతి చేస్తాడు. ఒక్కో తీగా బిగించి బిగించి చూస్తాడు. శ్రుతి కుదిరిందా, పాట. పాట అయిందా, ఇంక శవప్పెట్టె ఎత్తడమే."

తర్వాత బెన్నీ వైపు తిరిగింది.

"నాయనా, ఒక్క మాట. శవం ముందర మోగిన తీగల్ని ఆయన ఏనాడూ ఇంటికి తేలేదు. అక్కడే విప్పి గుంతలో వేసి వచ్చేవాడు, కొత్తవి బిగించుకునేవాడు. ఆయన పోయిన రోజున గిటారు ఆయన తల దగ్గరే పెట్టినాము. ఆ తీగలు విప్పేవాళ్ళు లేకపోయిరి. నువ్వు అవి విప్పి, ఆయన గుంతలో పూడ్చి, అప్పుడు తీసుకపో. శవం ముందర మోగినవి మళ్ళీ శవాన్నే వెతుక్కుంటాయి."

"అట్లనే పెద్దమ్మా."

బెన్నీ గిటారు పట్టుకుని సమాధుల దొడ్డి వైపు ఒక్కడే పోయినాడు. పది నిమిషాలకు తిరిగొచ్చినాడు. గిటారుకు గుడ్డ సంచి తొడిగి, తాడు కట్టేసి ఉంది.

"పూడ్చినావా?" అని హెలెను ఆటోలో అడిగింది.

"పూడ్చినాలే," అన్నాడు రోడ్డు వైపే చూస్తూ.

నడింట్లో ఖాళీగా ఉన్న మేకు ఒక్కటే, ఫెబీ మంచం పైన. దానికే తగిలించినాడు.

"దీనికి ఒక్క లోటుంది. పొదిలిలో ఒకాయన దగ్గర పాత సామాను ఉందంట. శుక్రవారం పోయి తెస్తా."

"ఏం లోటు?"

"నీకు చెప్తే అర్థమయితాదా?" అని నవ్వినాడు. నిజమే, ఆమెకు ఏం తెలుసు?

గురువారం ఫెబీ సెలవుల బైబిలు బడి నుంచి ఎండలో నడిచి వచ్చి పడిపోయింది. ఒళ్ళు పెనం మాదిరి కాలిపోతా ఉంది. డాక్టరు సూది వేసి, తడిగుడ్డ వెయ్యమని, రేపు సాయంత్రానికి తగ్గకపోతే పెద్దాసుపత్రికి తీసుకపొమ్మని చెప్పినాడు. తెల్లారేసరికి కాస్త నెమ్మదించింది. బెన్నీ ఆటో తీసుకుని పొదిలికి పోయినాడు.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం. నల్లమల వైపు నుంచి వడగాడ్పు కొడుతా ఉంది. వీధిలో కుక్క కూడా లేదు. గాడ్పు రాకుండా హెలెను తలుపులు, కిటికీలు అన్నీ మూసేసింది. కరెంటు లేదు. పైన నాపరాళ్ళ కప్పు. బయట అంత ఎండ ఉన్నా నడింట్లో మాత్రం చీకటి, పాత బావిలో ఉండేటట్టు. తలుపు సందులోంచి ఒక్క వెలుగు గీత నేల మీద పడి ఉంది. ఫెబీ ఊపిరి బరువుగా వినపడుతా ఉంది. హెలెను గుడ్డ తడిపి నుదుటి మీద వేస్తా, విసనకర్ర ఊపుతా కూర్చుంది.

ముందు వాసన వచ్చింది. కాలిపోయిన కొవ్వొత్తి, వాడిపోయిన పూలు, చవక సెంటు... అన్నీ కలిసిన వాసన. ఆ వాసన ఆమెకు బాగా తెలుసు. చావింట్లో వచ్చే వాసన అది.

ఇంట్లో కొవ్వొత్తి వెలిగించలేదు.

తర్వాత కిర్రుమంది. సన్నగా. నూనె లేని మర ఎవరో నెమ్మదిగా తిప్పినట్టు.

ఎలుకేమో అనుకుంది. విసనకర్ర ఆపింది.

కిర్ర్... టం.

గోడ మీద. మంచం పైన. గుడ్డ సంచి లోపల.

కిర్ర్... టం. ఈసారి కొంచెం పైకి. కిర్ర్... టం. ఇంకొంచెం పైకి.

తీగలు లేవు గదా దానికి... విప్పినానన్నాడు గదా... పూడ్చినానన్నాడు గదా...

లావు తీగ శ్రుతి కుదిరింది. సద్దు ఆగింది. రెండో తీగ మొదలయింది.

ఫెబీ ఊపిరి మారింది. గొంతులో గురక పట్టింది. హెలెను చెయ్యి వేసి చూసింది. నుదురు కాలిపోతా ఉంది, పాదాలు మాత్రం మంచు. పిల్ల చేతులు రెండూ వాటంతట అవే రొమ్ము మీదికి వచ్చి, వేళ్ళలో వేళ్ళు కలుపుకున్నాయి. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు కలుపుతారే... అట్ల.

శ్రుతి కుదిరిందా, పాట. పాట అయిందా...

హెలెను లేచింది. గోడ పట్టుకుని పోయి, బెన్నీ పనిముట్ల పెట్టెలో చెయ్యి పెట్టి తడిమి, కటింగ్ ప్లేయరు తీసింది. మంచం పట్టె ఎక్కి సంచి తాడు తెంపింది. గుడ్డ జారి పడింది. చీకట్లో ఏమీ కనపడలేదు. వేళ్ళకు తగిలినాయి. తీగలు. తుప్పు పట్టి గరుకుగా ఉన్నాయి. ఒక్కటి కూడా తియ్యలేదు బెన్నీ.

"ప్రభువా... ప్రభువా..." అని పెదాలు కదిలిస్తా లావు తీగకు ప్లేయరు వేసి నొక్కింది.

టప్.

ఒకటి. రెండు. ఆమె కోస్తా ఉంటే ఆ పక్క తీగ బిగుసుకుంటా ఉంది. తొందర తొందరగా. దానికి కూడా తెలిసినట్టు. మూడు... నాలుగు... తెగిన కొస చెంప మీద కొట్టి రక్తం వచ్చింది. ఐదు...

వేలికి ఇంకోటి తగిలింది. వెంట్రుకంత సన్నం. దానికి తుప్పు లేదు. నున్నగా ఉంది... వెచ్చగా ఉంది. మిగతా వాటి కంటే గట్టిగా బిగుసుకుని, అదిరిపోతా ఉంది. ఆలోచించే టైము లేదు. నొక్కింది. తెగలేదు. రెండు చేతులతో నొక్కింది.

"అమ్మా!"

ఫెబీ ఒక్క కేక పెట్టింది.

తీగ తెగింది.

అంతే. సద్దు ఆగిపోయింది. వాసన పోయింది. హెలెను కిందికి దిగి చూస్తే పిల్ల ఒంటి నిండా చెమట. జ్వరం దిగిపోయింది. ఊపిరి మెత్తగా ఆడుతా ఉంది.

హెలెను కోసిన తీగలన్నీ వేలికి చుట్టి కొంగున ముడి వేసుకుంది. పోయి పక్కింటి రంగనాయకమ్మ తలుపు తట్టింది.

"ఈ ఎండలో యాడికే? చెంపకు ఆ రక్తం ఏంది?"

"పిల్ల దగ్గర కూర్చో అక్కా. ఇప్పుడే వస్తా."

"నీ మొగుడు ఆ గిటార్లకు సామాను కొనడానికి పోయినాడా మళ్ళా?" అని గొణుగుతానే వచ్చి కూర్చుంది ఆమె.

వాగు ఎండిపోయి ఉంది. ఇసుక అరికాళ్ళను కాల్చింది. సమాధుల దొడ్డిలో ఏబేలు సమాధి వెతికే పని పడలేదు. తలవైపు నిలబెట్టిన పలకరాయి మీద సున్నంతో సిలువ, పేరు. ఇంటి నుంచి తెచ్చిన కొడవలి మొనతో మూరెడు లోతు తవ్వి, చుట్ట అందులో వేసి, మన్ను కప్పి, కాలితో తొక్కింది. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చింది.

ఫెబీ లేచి కూర్చుని ఉంది. రంగనాయకమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతా ఉంది. హెలెను పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం ఆమెకు ఇల్లు మళ్ళీ ఇల్లయింది.

పొద్దు గూకేటప్పుడు బెన్నీ వచ్చినాడు. గోడ వైపు చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"ఏం చేసినావే? ఎల్లుండి ఆ ఒంగోలాయన వస్తా ఉంటే! ఆ తీగలు ఆనాటివి, ఒరిజినల్‌వి. ఇప్పుడు ఎక్కడా దొరకవు. అందుకే గదా విప్పకుండా తెచ్చింది..."

"అబద్ధం చెప్పినావు నాకు," అంది హెలెను. పెళ్ళయినాక ఆమె అంత గట్టిగా మాట్లాడింది అదే మొదలు. జరిగిందంతా చెప్పింది. వినే కొద్దీ బెన్నీ గొంతు తగ్గింది. తల వంచుకున్నాడు.

"అన్నీ పూడ్చినావా?"

"ఆరూ పూడ్చినా. ఒక్కొక్కటే లెక్కపెట్టి కోసినా."

బెన్నీ తలెత్తినాడు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసినాడు.

"హెలెనూ... దానికి సన్న తీగ లేదే. ఆయన శవం దగ్గర పెట్టిన రోజే తెగిపోయిందంట. అది తేవడానికే నేను పొదిలి పోయింది. ఉన్నవి ఐదే."

పొట్లంలో ఒక్క తీగ. సన్నది.

హెలెను నెమ్మదిగా మంచం వైపు తిరిగింది. మధ్యాహ్నం నుంచి పిల్ల ఒక్క మాట కూడా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది ఆమెకు.

"ఫెబీ... ఏమన్నా అనమ్మా. అమ్మా అను."

ఫెబీ నోరు తెరిచింది. పెదాలు కదిలినాయి. గొంతు నరాలు ఉబ్బినాయి.

సద్దు లేదు.

పిల్లను మధ్యన కూర్చోబెట్టుకుని ఆటోలో సమాధుల దొడ్డికి పోయినారు. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. బెన్నీ హెడ్‌లైటు సమాధి మీదికి తిప్పి, చేతులతోనే మన్ను తోడినాడు. చుట్ట దొరికింది. వెలుగులో విప్పి పరిచినాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అన్నీ తుప్పువే.

ఆరోది లేదు.

"ఇంకా తవ్వు," అంది హెలెను.

"తవ్వేదానికి ఏముంది... ఇటు చూడు."

గుంత అడుగున, గట్టి మన్నులో, ఒక బొక్క ఉంది. సూది దూరేంత సన్నం. దాని అంచులు నున్నగా ఒరుసుకుపోయి ఉన్నాయి. తిన్నగా కిందికి పోయింది.

హెలెను మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, దానికి చెవి ఆనించింది. ముందు ఏమీ వినపడలేదు. మన్ను చల్లదనం. తర్వాత, చాలా లోతు నుంచి...

కిర్ర్.

వెనక నిలబడ్డ ఫెబీ రెండు చేతులతో గొంతు పట్టుకుంది.