మిస్ లువేనియా కోసం వచ్చిన పెట్టె

క్రైస్తవుల ఉపవాసాల ముందటి మంగళవారం హామ్‌ట్రామిక్‌లో పూంచ్కీ తినకుండా ఇంటికి పోయేవాడు ఎవడూ ఉండడు. జాము కూరి, నూనెలో వేయించి, పంచదారలో పొర్లించిన ఆ ఉండల కోసం తెల్లవారకముందే బేకరీల ముందు జనం బారులు తీరతారు. నార్బర్ట్ ప్రస్కీ మధ్యాహ్నం దాకా ఆ వరసలోనే ఉన్నాడు, పక్కన పదిహేడేళ్ళ కూతురు టెస్సా. అతని పొట్ట మాత్రం వరసలో అతనికంటే ముందు నించుంది. ఆ మాట అనేది అతనే. ఇంకెవరైనా అనేలోపు తనే అనేసుకుంటే నొప్పి తగ్గుతుందని అతని లెక్క.

"సెలవు పెట్టావా? నువ్వా? అమ్మ నన్ను కన్నరోజు కూడా పెట్టలేదుటగా" అంది టెస్సా, అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కారెక్కుతూ.

"ఆ రోజు నేనున్నా పెద్ద ఉపయోగం లేదని డాక్టరే అన్నాడు" అన్నాడు నార్బర్ట్.

నవ్వింది. అతనూ నవ్వాడు గానీ, చెయ్యి జేబులో ఫోను తడుముతూనే ఉంది. ఇంకా మోగలేదు.

మోగాల్సింది ఓజీ దగ్గర్నుంచి. ఓజీ, నార్బర్ట్ పనిచేసే షెడ్డులోనే మెకానిక్కు. ఆ మధ్యాహ్నం అతను ఊరిచివర, ముక్కలైన కార్లు పడేసే యార్డులో ఉన్నాడు. అక్కడ మిస్ లువేనియా టాలివర్ కారు నేల విప్పబోతున్నారు. ఆవిడ కొడుకు పెట్టిన లాయరు, బీమావాళ్ళు, కార్ల కంపెనీవాళ్ళు, సాక్షిగా ఓజీ. విప్పితే ఏం కనిపిస్తుందో నార్బర్ట్‌కి తెలుసు. అది తెలిసినవాడు ఈ భూమ్మీద అతనొక్కడే.

నార్బర్ట్ ఉద్యోగం తిట్లు తినడం. కార్లమ్మే సంస్థలో సర్వీసు కౌంటరు వెనక నించుని, కంపెనీ చేసిన తప్పులకి తను మొహం పెట్టడం. రెండేళ్ళ క్రితం కంపెనీ ఒక మోడల్ కార్లన్నిటినీ రీకాల్ చేసింది, లోపం సరిచేస్తామని వెనక్కి పిలిచింది. ముందు సీటు కింద, తివాచీ అడుగున, తలుపుల లాకుల్ని నడిపించే నల్ల పెట్టె ఒకటుంది. దాంట్లోకి నీళ్ళు దిగితే నాలుగు తలుపులూ బిగుసుకుపోతాయి. లోపలున్నవాళ్ళు లోపలే. అద్దాలూ దిగవు. ఇంత ప్రమాదానికి కంపెనీ పంపిన మందు ఏమిటయ్యా అంటే, పెట్టె మూత చుట్టూ అంటించే స్పాంజి టేపు. వేలెడు ముక్క. అది అంటించగానే కంప్యూటర్లో ఆ కారు పక్కన 'మరమ్మతు పూర్తి' అని పచ్చగా వెలిగేది.

టేపు తడికి ఊడిపోయేది. జనం మళ్ళీ వచ్చేవాళ్ళు. నార్బర్ట్ కంప్యూటరు తెర వాళ్ళవైపు తిప్పి చూపించేవాడు. "పూర్తయిందని ఉందండీ" అనేవాడు. ఒకాయన తాళాలు విసిరికొట్టాడు. ఒకావిడ ఏడ్చింది. వాళ్ళందరిలో తిట్టనిది మిస్ లువేనియా ఒక్కతే. ముప్ఫయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. వచ్చినప్పుడల్లా వెనిల్లా వాసనొచ్చే వెన్నకేకు తెచ్చి కౌంటరు మీద పెట్టేది.

"తలుపుల లాకులు వాటంతటవే పడిపోతున్నాయి నాయనా. నిన్న చర్చి ముందు అరగంట లోపలే కూచున్నా. పాట మొదలైపోయింది, నేను కార్లోంచే పాడా."

అప్పుడు నార్బర్ట్ ఒక జోకేశాడు. కౌంటరు దగ్గర అందరూ నవ్వారు, ఆవిడ కూడా.

"కారుకి మీరంటే ప్రేమ మిస్ లువేనియా. వదల్లేకపోతోంది."

ఆ కేకు అతను మొత్తం తినేశాడు.

తరవాత కంపెనీ అసలైన కొత్త పెట్టెలు చెయ్యడం మొదలుపెట్టింది. ఎక్కువ ఫిర్యాదులున్నవాళ్ళకి ముందు. నార్బర్ట్ వాళ్ళ షెడ్డుకి వచ్చింది ఒక్కటే. అట్టమీద టాలివర్ అని పేరు. ఆ వారమే టెస్సాకి లైసెన్సు వచ్చింది. టెస్సా నడపబోయేది కూడా ఆ మోడల్ కారే. ఉద్యోగులకి తగ్గించి ఇస్తారని నార్బర్ట్ మోజుపడి కొన్నది. రెండు వారాల్లో ఇంకో పెట్టె వస్తుంది, అది ఆవిడకిచ్చేద్దాం అనుకున్నాడు. ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు టెస్సా కారుకి తనే బిగించాడు. కౌంటరు వెనక పెరిగిన చేతులు కదా, మెకానిక్కు పావుగంటలో చేసేది సాయంత్రం దాకా పట్టింది, బొటనవేలు తెగింది. సోమవారం ఓజీ అడిగితే "ఆవిడకి వేసేశాం" అన్నాడు. కంప్యూటర్లో పచ్చగా వెలిగించాడు.

రెండు వారాల్లో పెట్టె రాలేదు. వాన వచ్చింది. జూన్‌లో, ఊరంతా మునిగిన రాత్రి, వంతెన కింద రోడ్డులో మిస్ లువేనియా కారు ఆగిపోయింది. మంచు గీకే ప్లాస్టిక్ బద్దతో లోపల్నుంచి అద్దాన్ని కొడుతూనే ఉందిట. చాలాసేపు. పైన వంతెన మీద నించున్నవాళ్ళు విన్నారు.

"నాన్నా, పచ్చలైటు. వెనకాయన హారన్ కొడుతున్నాడు" అంది టెస్సా.

చలికాలం ఆ ఊళ్ళో రోడ్లమీద ఉప్పు చల్లుతారు. కార్లన్నీ అడుగునుంచి ఉప్పుతో తెల్లబడి తుప్పుపడతాయి. అందుకే కాస్త ఎండ మొహం కనిపిస్తే చాలు, జనం కార్లు కడిగే చోటికి పరిగెడతారు. నార్బర్ట్ కూడా టెస్సా కారుని అటే తిప్పాడు. నిజానికి ఉప్పు గురించి కాదు. ఫోను మోగేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలి.

అదొక పొడుగాటి సొరంగం. మూతిదగ్గర కుర్రాడు చెయ్యి ఊపాడు. న్యూట్రల్లో పెట్టాలి, బ్రేకు మీంచి కాలు తియ్యాలి, స్టీరింగు వదిలెయ్యాలి. కింద గొలుసు చక్రాన్ని పట్టి కారుని లాక్కుపోతుంది. ఆ కాసేపూ మనం చేసేదేం లేదు. వెనక షట్టరు దిగింది.

నురుగు పడింది. ముందద్దం మీద, పక్కద్దాల మీద, గులాబీరంగూ నీలమూ కలిసి మందంగా జారి, వెలుతురు చచ్చిపోయింది. బట్టపేలికల బ్రష్షులు కారు ఒంటిని తడుముతూ ఊగుతున్నాయి. సబ్బు వాసన. పూంచ్కీల వేడి నూనె వాసన. ఆ రెంటి కింద, సన్నగా... వెనిల్లా.

"నీది వెనిల్లా జామా?" అన్నాడు నార్బర్ట్.

"వెనిల్లా జామేంటి నాన్నా? ప్లమ్, చెర్రీ."

టక్. నాలుగు లాకులూ ఒక్కసారి పడ్డాయి.

"నువ్వేనా?" అంది టెస్సా.

"ఊఁ" అన్నాడు. అతను కాదు.

లేచాయి. పడ్డాయి. లేచాయి. పడ్డాయి. టెస్సా నవ్వబోయి ఆగిపోయింది. నార్బర్ట్ లాకులు తీసే మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మీట మెత్తగా లోపలికి పోతోంది, అంతే. కింద గొలుసు కిర్రుమని ఆగిపోయింది. బ్రష్షులు వేలాడుతూ నిలిచిపోయాయి. నీటి హోరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో నురుగు చిటచిటలాడుతూ చిట్లే చప్పుడు మాత్రం.

"కరెంటు పోయినట్టుంది. వీళ్ళ మెషీన్లు నాకన్నా ముసలివి" అన్నాడు.

వెనక సీట్లోంచి వచ్చింది ఆ చప్పుడు.

టక్... టక్... టక్...

ప్లాస్టిక్కు గాజుకి తగిలే చప్పుడు. తొందరలేదు. ఓపిగ్గా, వరసలో తన వంతుకోసం చూసే మనిషి కౌంటరు మీద వేలితో కొట్టినట్టు.

"మంచు గీకే బద్ద కదిలిందేమో..." టెస్సా గుసగుసలాడింది. కానీ వెనక్కి తిరగలేదు. అతనూ తిరగలేదు. కారు ఆగి ఉంది. ఆగిన కార్లో ఏదీ కదలదు.

పాదాలకి చల్లగా తగిలింది.

చూశాడు. చీకటి. చెయ్యి కిందికి పెట్టాడు. నీళ్ళు. మడమల దాకా. బురద వాసన, పెట్రోలు వాసన, జూన్ నెల వానవాసన... ఫిబ్రవరిలో.

"నాన్నా, నా సాక్సులు తడుస్తున్నాయి... నాన్నా, తలుపు తియ్యి."

"తీస్తా తల్లీ."

"తియ్యి నాన్నా!"

ఆమె అద్దం మీద గుద్దింది. ఒకటి, రెండు. ఆ వెంటనే వెనక అద్దం మీద కూడా ఎవరో అదే లెక్కన, టక్, టక్. జవాబు చెప్పినట్టు. నార్బర్ట్ మోకాలి కిందికి చలి పాకింది. మెడ వెనక, చెవి దగ్గరగా, వెచ్చటి ఊపిరి. కేకు వాసన.

"కారుకి నువ్వంటే ప్రేమ నాయనా... వదల్లేకపోతోంది."

కోపం లేదు ఆ గొంతులో. అదే భరించలేకపోయాడు. తిట్టివుంటే బాగుండేది. తిట్లకైతే అతనికి ఇరవయ్యేళ్ళ అనుభవం ఉంది.

"మిస్ లువేనియా..." పెదాలు కదిలాయి. "పిల్ల ఉందండీ."

"నేనూ తల్లినే." ఊపిరి. "నాది నాకిచ్చెయ్ నాయనా."

టెస్సా అతని చెయ్యి గోళ్ళతో పట్టుకుంది. ఇవ్వను అనడానికి ఎవరికైనా ధైర్యం ఉంటుందా? నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో తను ఏమిస్తున్నాడో కూడా అతను ఆలోచించలేదు. బయటపడాలి. అంతే.

"తీసుకోండి. మీదే. తీసుకోండి..."

"ఎవరితో మాట్లాడుతున్నావ్? ఏంటి తీసుకోమంటున్నావ్?" టెస్సా ఏడుస్తోంది.

టక్.

గొలుసు కదిలింది. నీరు ధారగా పడి నురుగు కొట్టుకుపోయింది. గాలిమెషీన్లు హోరెత్తాయి. కారు తెల్లటి మధ్యాహ్నంలోకి బయటపడింది. లాకులు నాలుగూ పైకి లేచి ఉన్నాయి.

కారు లోపల తివాచీ పొడిగా ఉంది. టెస్సా సాక్సులు పొడిగా ఉన్నాయి. నార్బర్ట్ ప్యాంటు మాత్రం మోకాలి దాకా తడిసి, బురదచార పట్టి ఉంది.

"నేను భయపడ్డా, అంతే. నువ్వు మాత్రం నిజంగానే పోసేసుకున్నావ్" అంది టెస్సా ముక్కు తుడుచుకుంటూ. జోకే. కూతురు తండ్రి పోలికే.

"నా వయసులో నీకూ వస్తుందిలే" అన్నాడు. కారు పక్కకి తీసి, ఆపి, గాలికోసం దిగాడు. అప్పుడు మోగింది ఫోను.

"ఒరే నార్బర్ట్!" ఓజీ అరుస్తున్నాడు. "విప్పార్రా. నేల విప్పార్రా!"

నార్బర్ట్ కళ్ళు మూసుకున్నాడు. "చెప్పు."

"కొత్త పెట్టే ఉందిరా! మెరిసిపోతోంది. చుక్క తడి లేదు. ఎనిమిది నెలల్నించీ ఆ కారు బురదలో ఉంది, అది మాత్రం ఇప్పుడే అట్టలోంచి తీసినట్టుంది. లాయరు మొహం చూడాల్సింది. నిజం చెప్పనా, నాకు నీమీద అనుమానం ఉండేదిరా. వెయ్యలేదేమో, అబద్ధమాడావేమో అని. నన్ను క్షమించు."

"కొత్త పెట్టా?" అన్నాడు నార్బర్ట్.

"దానిమీద నెత్తురు మరక కూడా ఉంది. బిగించినవాడెవడో వేలు కోసుకున్నట్టున్నాడు."

గాలి చల్లగా ఉంది. టెస్సా చలికి వణుకుతూ డ్రైవరు సీట్లోకి మారి కూచుంది. స్కేటింగు ప్రాక్టీసు ఉంది, నిన్ను ఇంటి దగ్గర దింపి నే పోతా అని పొద్దుటే చెప్పింది. నార్బర్ట్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అవతలివైపు తలుపు తెరిచాడు. మోకాళ్ళమీద కూలబడి, సీటు కింద తివాచీ అంచు పట్టి లాగాడు.

తను స్వయంగా, ఒక ఆదివారమంతా తంటాలుపడి బిగించిన చోట, పాత పెట్టె ఉంది. మూత చుట్టూ స్పాంజి టేపు. సగం ఊడి వేలాడుతోంది. దాని కొసనుంచి బురదనీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి.

తను ఇచ్చింది ఏమిటో అప్పుడు అర్థమైంది అతనికి.

దిగ్గున లేచాడు. తల తలుపు చట్రానికి కొట్టుకుంది. రెండడుగులు వెనక్కి తూలాడు. "టెస్సా, దిగు" అన్నాడు. "దిగు తల్లీ, దిగు..."

తలుపు మెల్లగా, మర్యాదగా, తనంతట తానే మూసుకుంది.

టక్.

టెస్సా అద్దంలోంచి అతనికేసి చూసింది. ఒక చేతిలో కొరికిన పూంచ్కీ, పెదాల మీద పంచదార. 'నువ్వేనా?' అన్నట్టు కనుబొమలెగరేసింది. నార్బర్ట్ జేబులోంచి కారు తాళం తీసి దాని మీట నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. టెస్సా నవ్వుతూ తలుపు పిడి లాగింది. మళ్ళీ లాగింది. నవ్వు ఆగిపోయింది.

"నువ్వు మంచోడివిరా" అంటున్నాడు ఓజీ చెవిలో. "రేపొచ్చి అందరికీ చెప్తా. కంప్యూటర్లో పూర్తయిందని ఉంటే పూర్తయినట్టేరా."

ఫిబ్రవరిలో ఆ ఊళ్ళో మంచు కురవాలి. నార్బర్ట్ చేతిమీద పడింది మాత్రం వాన చినుకు. వెచ్చగా ఉంది. రెండోది కారు పైకప్పు మీద పడింది. కారులో టెస్సా రెండు చేతులూ డ్రైవరు పక్క అద్దానికి ఆనించి అరుస్తోంది. మాట బయటికి రావడం లేదు.

వెనక అద్దం మాత్రం ఆవిరితో తెల్లగా మూసుకుపోయింది. లోపలివైపు నుంచి ఎవరో దాన్ని, ఏ తొందరా లేకుండా, గీకి శుభ్రం చేస్తున్నారు.